తక్కువ ఖర్చులో తొలి డిజిటల్ కెమెరా, క్యామ్‌కార్డర్ ఎంపిక

ఇంట్లో శుభకార్యాలు తీసుకోవడానికో, ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికో, యూట్యూబ్ చానల్ పెట్టడానికో మొదటిసారి కొనే డిజిటల్ కెమెరాను ఎలా ఎంచుకోవాలన్నది ఈ వ్యాస విషయం. కెమెరా పెట్టె మీద పెద్ద అక్షరాల్లో మెగాపిక్సెళ్లు, జూమ్ రెట్లు, 4కె అన్న ముద్ర కనిపిస్తాయి. బొమ్మ ఎలా వస్తుందో తేల్చేవి మాత్రం వేరు. సెన్సరు ఎంత పెద్దది, లెన్సు ఎంత వెలుతురును లోపలికి రానిస్తుంది, బయటి మైకు తగిలించుకునే వీలుందా, చేతి వణుకును ఆపే ఏర్పాటుందా అన్నవి చూడాలి. వీటి వివరాలు పెట్టె వెనకవైపున సన్నటి అక్షరాల్లో ఉంటాయి, చాలాసార్లు అక్కడా ఉండవు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు నష్టపోయేది ఈ తేడా తెలియకనే.

కొనే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటుంది. చేతిలో మంచి సెల్‌ఫోన్ ఉన్నవారికి వేరే కెమెరా అవసరమా? జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి మార్కెట్‌కు వెళ్లాయి. 2020 నుంచి 2024 వరకు ఏ ఏడాదీ ఆ సంఖ్య కోటికి చేరలేదు. పడిపోయినవాటిలో ఎక్కువ భాగం జేబులో పట్టే చవక కాంపాక్ట్ కెమెరాలు. వాటి పనిని ఫోన్ అంతే బాగా, చాలాసార్లు ఇంకా బాగా చేస్తోంది. ఫోన్ ఒక్క క్షణంలో చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి మసకను, ముదురు నీడలను సరిదిద్దుతుంది. చవక కాంపాక్ట్‌లో ఆ లెక్కలు చేసే శక్తి లేదు. కనుక దూరం నుంచి దగ్గరగా తీయడం, రాత్రివేళ కదిలే మనుషుల్ని పట్టుకోవడం, గంటల తరబడి ఆగకుండా రికార్డు చేయడం, అన్నీ చేత్తో మార్చుకుంటూ నేర్చుకోవడం వంటి ఫోన్ చేయలేని పని ఏదైనా ఉన్నప్పుడే కెమెరా మీద డబ్బు పెట్టడం సబబు.

పూర్వరంగం

వెలుతురును విద్యుత్తుగా మార్చి వరుసగా చదివే సీసీడీ చిప్‌ను 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. ఆ పనికి 2009లో వారికి భౌతికశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ అలాంటి చిప్‌తో తొలి డిజిటల్ కెమెరాను కూర్చాడు. దాని బరువు మూడున్నర కిలోలకు పైనే. నిలువున వంద, అడ్డంగా వంద చుక్కలున్న ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. అదే కొడాక్‌లో బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన రంగుల జల్లెడ దాదాపు ప్రతి కెమెరాలోనూ ఈనాటికీ ఉంది. అందులో సగం గళ్లు ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. మనిషి కన్ను ఆకుపచ్చకు ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి ఆ పంపకం. 1990లలో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం తీర్చిదిద్దిన సీమాస్ సెన్సరు తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. సామాన్యుడి చేతికి కెమెరా రావడానికి అది పెద్ద ఊతం.

వీడియో దారి వేరు. సోనీ 1983లో తెచ్చిన బీటామూవీ రికార్డు చేయగలదు గానీ, తీసినదాన్ని తిప్పి చూపించలేదు. 1985లో హ్యాండీక్యామ్ పేరుతో 8 మి.మీ. టేపు కెమెరాలు వచ్చాయి. 1995లో మినీ డీవీ టేపు, 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి రూపొందించిన ఏవీసీహెచ్‌డీ పద్ధతి వచ్చాయి. ఆ తర్వాత టేపు పోయి మెమరీ కార్డు స్థిరపడింది. 2008 వరకు మంచి ఫొటోలకు ఒకటి, మంచి వీడియోకు మరొకటి కొనవలసి వచ్చేది. ఆ ఏడాది నికాన్ డీ90 వీడియో తీసే తొలి డీఎస్‌ఎల్‌ఆర్‌గా (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకునే కెమెరాగా) వచ్చి ఆ గోడను కూల్చింది. అంతకు ఐదేళ్ల ముందు, 2003లో, కెనన్ 300డీ అమెరికాలో 899 డాలర్ల ధరతో డీఎస్‌ఎల్‌ఆర్‌ను తొలిసారి వెయ్యి డాలర్ల లోపుకి దింపింది. తొలి కెమెరాగా లెన్సులు మార్చుకునే కెమెరాను కొనవచ్చన్న ఆలోచన మధ్యతరగతికి వచ్చింది అప్పటినుంచే.

పెట్టె మీద అంకెలు

మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. ఎన్ని కావాలన్నది బొమ్మను ఎక్కడ చూస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ టీవీ తెరకు 20 లక్షల చుక్కలు చాలు, 4కె తెరకు 83 లక్షలు. ఎ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యంగా ముద్రించడానికి 87 లక్షలు కావాలి. పెళ్లి ఆల్బమ్‌లో 12×18 అంగుళాల పేజీని అదే సాంద్రతతో నింపడానికి 1 కోటి 94 లక్షలు, అంటే 20 మెగాపిక్సెళ్ల లోపే. అంత పెద్ద పేజీని వదిలేస్తే, పదిహేనేళ్ల కిందటి 16 మెగాపిక్సెళ్ల కెమెరా కూడా ఇంటి అవసరాలకు చాలు.

జూమ్ విషయంలో మోసం ఇంకా సూటిగా ఉంటుంది. ఆప్టికల్ జూమ్‌లో లెన్సులోని గాజులు కదిలి దూరపు వస్తువును దగ్గర చేస్తాయి. డిజిటల్ జూమ్‌లో ఏదీ కదలదు. బొమ్మ నడిమి ముక్కను కత్తిరించి సాగదీస్తారు. 16 రెట్ల డిజిటల్ జూమ్ అంటే నిలువున పదహారో వంతు, అడ్డంగా పదహారో వంతు మిగలడం. మొత్తం బొమ్మలో 256వ వంతు అన్నమాట. 48 మెగాపిక్సెళ్ల కెమెరాలో కూడా అప్పుడు మిగిలేది 2 లక్షల చుక్కల లోపే.

ఆన్‌లైన్ అంగళ్లలో పేరూ ఊరూ లేని సంస్థలు చవకగా అమ్మే 4కె క్యామ్‌కార్డర్‌ల గుట్టు ఇక్కడే ఉంది. 48 మెగాపిక్సెళ్లు, 16 రెట్ల జూమ్, రాత్రి దృశ్యం, వీటితోపాటు ఉచితంగా మైకు, లైటు, రిమోట్ కూడా. లోపల ఉండేది మాత్రం సాధారణంగా పాత ఫోన్ల స్థాయి చిన్న సెన్సరు, గాజు కదలని లెన్సు, చాలా వాటిలో ఒకే దూరానికి బిగించిన ఫోకస్. సెన్సరు ఇచ్చిన చుక్కల మధ్య లెక్కగట్టి కొత్త చుక్కలు పుట్టించి పెద్ద అంకె చూపిస్తారు. తొలి కెమెరా కోసం కూడబెట్టిన డబ్బును ఇలాంటి దాని మీద పోయడం కన్నా ఫోన్‌కు ఒక మైకూ స్టాండూ కొనుక్కోవడం ఎన్నో రెట్లు మేలు. పిల్లవాడి పుట్టినరోజుకు ఇష్టంగా కొని, తొలి వీడియో టీవీలో చూసి నిరాశపడే తల్లిదండ్రుల గురించి ఆలోచిస్తే, ఈ ఒక్క హెచ్చరిక మిగతా సలహాలన్నిటికన్నా ముందు చెప్పవలసింది.

సెన్సరు, లెన్సు

చవక కాంపాక్ట్‌లలో ఉండే సెన్సరు వైశాల్యం సుమారు 28 చదరపు మి.మీ. 1 అంగుళం సెన్సరుది 116, మైక్రో ఫోర్ థర్డ్స్‌ది 225, ఏపీఎస్-సీది 370, ఫుల్ ఫ్రేమ్‌ది 864. ఇక్కడ కూడా అంకెను నమ్మకూడదు. 1 అంగుళం సెన్సరు ఏ మూల నుంచి కొలిచినా అంగుళం ఉండదు, దాని కర్ణం 16 మి.మీ. దాకానే. పాత టీవీ కెమెరాల గాజు గొట్టాల బయటి వ్యాసాన్ని బట్టి పెట్టిన కొలత అలాగే నిలిచిపోయింది.

ఫుల్ ఫ్రేమ్ మంచిదే గానీ దానికి తగ్గ లెన్సుల ధరలు తొలి కెమెరా బడ్జెట్‌కు అందవు. తక్కువ ఖర్చులో నేర్చుకోవాలనుకునేవారికి ఏపీఎస్-సీ దగ్గర ఆగడం తెలివైన పని. కాంపాక్ట్ కన్నా పదమూడు రెట్ల వైశాల్యం, పాత మార్కెట్లో దండిగా లెన్సులు, అందుబాటు ధర దానికి ఉన్నాయి.

లెన్సు సామర్థ్యాన్ని ఎఫ్ సంఖ్య చెబుతుంది. సంఖ్య తగ్గేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు పెరుగుతుంది. కెమెరాతో పాటు వచ్చే 18–55 మి.మీ. కిట్ లెన్సు పగటిపూట బాగానే పనిచేస్తుంది. జూమ్ పూర్తిగా లాగినప్పుడు మాత్రం దాని ఎఫ్ సంఖ్య సాధారణంగా 5.6 దగ్గర ఆగిపోతుంది. దాదాపు ప్రతి కంపెనీ చవకగా అమ్మే 50 మి.మీ. లెన్సుది 1.8. ఈ రెంటికీ వెలుతురులో తేడా తొమ్మిది రెట్లకు పైనే. మన పెళ్లిళ్లలో ముహూర్తాలు తరచూ అర్ధరాత్రికో తెల్లవారుజాముకో పడతాయి. మండపంలో వీడియోవాళ్ల లైటు ఆరిన క్షణంలో కిట్ లెన్సుకు ఐఎస్‌వో (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి) 6400 కావలసి వచ్చే చోట 50 మి.మీ. లెన్సుకు 640 చాలు. మొదటిది చుక్కలు చుక్కలుగా వస్తుంది, రెండోది శుభ్రంగా వస్తుంది.

దానికీ పరిమితులున్నాయి. ఏపీఎస్-సీ మీద 50 మి.మీ. లెన్సు దృశ్యాన్ని 75 నుంచి 80 మి.మీ. లెన్సు మాదిరిగా ఇరుకు చేస్తుంది. చిన్న గదిలో పదిమందిని ఒక్క బొమ్మలో ఇమడ్చలేము. 1.8 దగ్గర ఫోకస్ పొర చాలా పలచన. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పెళ్లికూతురి ముఖం స్పష్టంగా ఉండి, కాస్త వెనకున్న పెళ్లికొడుకు ముఖం మసకబారవచ్చు. అప్పుడు 2.8కో 4కో మార్చుకోవాలి. ఇది చేత్తో చేసి నేర్చుకునే విద్య. అందుకే కిట్ లెన్సున్న ఒక సాదా కెమెరా, 50 మి.మీ. లెన్సు ఒకటి, ఈ రెండూ కలిసి ఖరీదైన కెమెరా ఒక్కదానికన్నా మంచి గురువులు.

పనిని బట్టి కెమెరా

ఒకే అంకె వెనక ఎంత తేడా ఉంటుందో చూపడానికి పాత మార్కెట్లో విరివిగా దొరికే రెండు కెనన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు చాలు. 2017 నాటి 200డీ, 2018 నాటి 1500డీ రెండూ 24 మెగాపిక్సెళ్లవే. ఫొటోల్లో తేడా పెద్దగా పట్టుకోలేము. వీడియోకు వచ్చేసరికి 200డీలో కదిలే మనిషిని వెంబడించే డ్యూయల్ పిక్సెల్ ఫోకస్, పక్కకు తిరిగే తెర, మైకు సాకెట్ ఉన్నాయి. 1500డీలో ఈ మూడూ లేవు. ఏడాది తర్వాత వచ్చింది కదా అని 1500డీ కొన్న యూట్యూబర్ వెంటనే ఇబ్బంది పడతాడు. ఫొటోలు మాత్రమే తీసే విద్యార్థికి అదే చవకగా వచ్చే మంచి బేరం.

కొత్తది కొనేవారు ఇప్పుడు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపే చూడాలి. కంపెనీలు కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ నమూనాలను తేవడం దాదాపు ఆపేశాయి. సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30, కెనన్ ఆర్50 మూడూ ఏపీఎస్-సీవే, మూడింటికీ తిరిగే తెర, మైకు సాకెట్ ఉన్నాయి. మొదటి రెంటికీ కంటితో చూసే వ్యూఫైండర్ లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెర సరిగా కనిపించదు కాబట్టి బయట ఫొటోలు తీసేవారికి ఆర్50 నయం. చేతి వణుకును సెన్సరు కదిపి సరిచేసే ఏర్పాటు ఈ మూడింటిలోనూ లేదు, లెన్సు మీద ఆధారపడాలి.

క్యామ్‌కార్డర్ కాలం చెల్లిపోయిందని అనుకుంటారు గానీ, దానికి మాత్రమే తగిన పని ఒకటి మిగిలి ఉంది. రెండు మూడు గంటల కూచిపూడి అరంగేట్రం, హరికథ, బడి వార్షికోత్సవం హాలు వెనక నుంచి ఆగకుండా తీయాలంటే చాలా స్టిల్ కెమెరాలు అవస్థ పడతాయి. అరగంట దాటి రికార్డు చేసే పరికరాన్ని ఐరోపా సమాఖ్య వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేది. దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు చాలా మోడళ్లను 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర ఆపేశాయి. కొత్తవాటిలో ఆ హద్దు తొలగుతోంది గానీ వేడి సమస్య ఉంది. మే నెల ఎండల్లో షామియానా కింద చిన్న మిర్రర్‌లెస్ కెమెరా 4కె తీస్తూ వేడెక్కి ఆగిపోవచ్చు. 30 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్న సోనీ సీఎక్స్405 లాంటి చవక హ్యాండీక్యామ్ బొమ్మ మసక వెలుతురులో అంత గొప్పగా ఉండదు. అయినా అది జూమ్‌ను మెత్తగా లాగుతుంది, వేదికంతటినీ ఫోకస్‌లో ఉంచుతుంది, చేతికి బరువనిపించదు.

కొల్లేరు గూడబాతులు, పులికాట్ రాజహంసలు, నేలపట్టు గూళ్లు తీయాలన్న కోరిక ఉన్నవారిది వేరే లెక్క. పక్షులకు పొడవాటి లెన్సు కావాలి, దాని ధర కెమెరా ధరను మించిపోతుంది. లెన్సు అతికి ఉండే బ్రిడ్జ్ కెమెరాల్లో 40 నుంచి 60 రెట్ల ఆప్టికల్ జూమ్ దొరుకుతుంది. సెన్సరు కాంపాక్ట్ అంతే చిన్నది. పగటి వెలుతురులో ఆ లోటు పెద్దగా తెలియదు, కొల్లేటికి వెళ్లేది పొద్దున్నే కాబట్టి సరిపోతుంది.

ధ్వని, మినుకు

చూసేవారు కాస్త మసక బొమ్మను సహిస్తారు, వినిపించని మాటను సహించరు. కెమెరాలోని మైకు పది అడుగుల దూరంలో ఉన్న వక్త మాట కన్నా పక్కనున్న ఫ్యాను చప్పుడును బాగా పడుతుంది. మైకు సాకెట్ ఉన్న కెమెరాకు కాలర్ మైకు తగిలిస్తే ఆ సమస్య తీరుతుంది. సాకెట్ లేని కెమెరా ఇప్పటికే ఉంటే, మాట్లాడేవారి జేబులో ఫోన్ పెట్టి రికార్డు చేసి, మొదట్లో ఒక చప్పట కొట్టి, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెంటినీ కలపవచ్చు. ట్రైపాడ్ మీద పెట్టే డబ్బు కూడా ఇలాంటిదే. తేలికపాటి స్టాండు గాలికి ఊగుతుంది, కాస్త బరువున్నది పాతదైనా మేలు. మొత్తం బడ్జెట్‌లో మూడో వంతును మైకు, స్టాండు, కార్డు, అదనపు బ్యాటరీ కోసం ముందే పక్కన పెట్టుకోవాలి.

వీడియోలో ట్యూబులైటు కింద బొమ్మ మీద చారలు పాకడం చాలామందిని కెమెరా పాడైందేమోనని కంగారు పెడుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది, కనుక లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఫ్రేముల వేగం 25 లేదా 50, షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టుకుంటే ఎక్కువ లైట్ల కింద ఆ చారలు పోతాయి. అమెరికాలో కరెంటు 60 ఆవృత్తులది. అక్కడి నుంచి బంధువులు తెచ్చిన కెమెరా 30, 60 ఫ్రేముల అమరికతో వస్తుంది. చాలా కెమెరాల మెనూలో ఎన్‌టీఎస్‌సీ (30, 60 ఫ్రేముల పద్ధతి) నుంచి పాల్ (25, 50 ఫ్రేముల పద్ధతి)కు మార్చే వీలు ఉంటుంది, ఇక్కడ వాడే ముందు మార్చాలి. ఇక్కడ కొని డల్లాస్‌కో న్యూజెర్సీకో తీసుకెళ్లేవారు తిరగేసి చేయాలి.

కార్డు విషయంలో రెండే మాటలు. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో గంటకు 45 జీబీ మింగుతుంది, కాబట్టి 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. వీ30 గుర్తున్న కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్ల వేగానికి హామీ ఇస్తుంది, తొలి కెమెరాకు అది చాలు. నకిలీ కార్డులు తెలిసిన కంపెనీల పేర్లతోనే తిరుగుతుంటాయి. శుభకార్యానికి ముందే ఒకసారి నిండా రికార్డు చేసి, చివరి ఫైలు తెరిచి చూడాలి.

వాడినవి కొనడం

అతి తక్కువ ఖర్చుతో అతి మంచి బొమ్మ కావాలంటే వాడిన డీఎస్‌ఎల్‌ఆర్‌కు సాటి లేదు. హైదరాబాద్ కోఠిలో గానీ, ఊళ్లో స్టూడియో మార్చుకుంటున్న ఫొటోగ్రాఫర్ దగ్గర గానీ చూసి, చేత్తో పట్టుకుని కొనగలగడం ఇందులో సౌకర్యం. పెళ్లిళ్లు తీసిన కెమెరా మీద గీతలు పెద్ద విషయం కాదు, షట్టర్ ఎన్నిసార్లు పడిందన్నది విషయం. ప్రవేశ స్థాయి మోడళ్ల షట్టర్‌ను సాధారణంగా లక్ష క్లిక్కుల దాకా పనిచేసేలా తయారుచేస్తారు. ఒక్క సీజన్‌లోనే వేల క్లిక్కులు పడే వృత్తిలో లక్ష దాటడానికి ఎన్నో ఏళ్లు పట్టదు.

లెన్సును టార్చిలైటు ముందు పెట్టి లోపలికి చూడాలి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో వాడిన లెన్సులకు ఈ బెడద ఎక్కువ. తుడిస్తే పోదు, గాజు పైపూతను తినేస్తుంది. ఎంత చవకైనా అలాంటిది వద్దు. తర్వాత లెన్సును ఎఫ్/16 దగ్గర పెట్టి తెల్లటి గోడను ఒక ఫొటో తీస్తే సెన్సరు మీది మచ్చలు బయటపడతాయి. ధూళి మచ్చయితే శుభ్రం చేయవచ్చు, గీతయితే కష్టం. బ్యాటరీ ఉబ్బి ఉందేమో, కార్డు అర వదులైందేమో, జూమ్ తిప్పేటప్పుడు ఇసుక కరకర వినిపిస్తుందేమో చూడాలి.

నికాన్ వాడినవి కొనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. డీ3000, డీ5000 వరుసల కెమెరాల్లో ఫోకస్ తిప్పే మోటారు లేదు. మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సులు వాటి మీద చేత్తో మాత్రమే ఫోకస్ అవుతాయి. చవకగా వచ్చిందని అలాంటి లెన్సు కొన్నవారు ఉసూరుమంటారు.

2000ల నాటి సీసీడీ కాంపాక్ట్‌లకు ఈమధ్య యువతలో మళ్లీ మోజు పెరిగింది. ఫ్లాష్ కింద వాటి రంగులు నిజంగానే ముచ్చటగా ఉంటాయి, ఆ ఇష్టాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ పాత మోడళ్లకు ఎక్స్‌డీ కార్డు, సోనీవాటికి మెమరీ స్టిక్ కావాలి. రెండూ ఇప్పుడు వెతుక్కోవలసినవే. ఎస్‌డీ కార్డు తీసుకునే మోడల్ ఎంచుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి.

పాత టేపు క్యామ్‌కార్డర్ కొనడానికి మంచి కారణం ఒక్కటే ఉంది. 1990లు, 2000లలో పెళ్లిళ్లు, అన్నప్రాశనలు తీయించుకున్న ఇళ్లలో హై8, మినీ డీవీ క్యాసెట్లు బీరువాల్లో ఉన్నాయి. వాటిని నడిపే పరికరాలు ఏటా తగ్గిపోతున్నాయి, టేపులకు బూజు పడుతోంది. 1999లో వచ్చిన సోనీ డిజిటల్8 కెమెరాల్లో కొన్ని మోడళ్లు పాత 8 మి.మీ. టేపులను కూడా చదివి, ఫైర్‌వైర్ తీగ ద్వారా కంప్యూటర్‌కు పంపగలవు. కంప్యూటర్‌కు ఆ సాకెట్ లేకపోతే విడిగా కార్డు వేయించాలి. ఇంటిపెద్దల గొంతులు ఉన్న టేపులు ఉంటే కొత్త కెమెరా కన్నా ముందు ఈ పనికే డబ్బు కేటాయించడం న్యాయం.

బిల్లు, వారంటీ

డిజిటల్ కెమెరాలు, వీడియో కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి 1 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామనే దుకాణంలో ఆ పన్నుతో పాటు వారంటీ కూడా పోతుంది. అలాంటి సరుకు చాలావరకు వేరే దేశానికి ఉద్దేశించినది, ఇక్కడి సర్వీసు కేంద్రం దాన్ని ఉచితంగా ముట్టుకోదు. విదేశాల నుంచి తెప్పించుకునేటప్పుడు ధరలో తేడాను, వారంటీ లేకపోవడాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. ఛార్జర్ల గురించి దిగులు అక్కర్లేదు, దాదాపు అన్నీ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. జపాన్‌లో అమ్మే సోనీ కెమెరాల్లో మాత్రం మెనూ చాలావరకు జపాన్ భాషలోనే ఉంటుంది, మార్చే వీలుండదు. అక్కడి నుంచి ఎవరైనా తెస్తామంటే దుకాణంలో భాషల జాబితా తెరిచి చూడమని ముందే చెప్పాలి.